తాళం వదలగానే ఆగిపోయే బండి: పాత మస్టాంగ్‌తో వచ్చే చిక్కులు

అందరికీ నమస్కారం.

ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్లలో చాలామంది ఇండియాలో అంబాసిడరో, ప్రీమియర్ పద్మినో నడిపినవాళ్లే. పాయింట్లు, కండెన్సరు, చోకు అంటే ఏమిటో వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఇవాళ్టి మాటలు ఎక్కువగా వెనక వరసల్లో ఉన్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు పగలంతా సెన్సార్లు, సాఫ్ట్‌వేరు మధ్య గడుపుతారు. సాయంత్రం ఇంటికొచ్చి 60 ఏళ్ల నాటి బండి బానెట్ ఎత్తితే అందులో ల్యాప్‌టాప్ తగిలించడానికి సాకెట్టే ఉండదు. ఎర్రర్ కోడ్ రాదు. మన చెవి, ముక్కు, ఒక వోల్ట్‌మీటరు, ఒక టైమింగ్ లైటు, ఒక వాక్యూమ్ గేజు. ఇంతే సరంజామా.

వచ్చే నెల మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ ఉంది. 1995లో మొదలైన జాతర ఇది. ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత బండ్లన్నీ బారులు తీరతాయి. నత్తనడక, ఆగస్టు ఎండ, ముందు బండి సైలెన్సర్లోంచి వచ్చే సెగ. పాత ఇంజనుకి ఇంతకంటే కష్టమైన రోజు ఉండదు. ఆ రోజు బానెట్ ఎత్తుకుని రోడ్డు పక్కన నిలబడే బండ్లని చూస్తుంటాను. చాలావాటికి ఆ జబ్బు ఇంటి దగ్గర బయల్దేరేటప్పటికే ఉంటుంది. అక్కడ బయటపడుతుంది, అంతే.

అన్ని బండ్ల గురించీ మాట్లాడితే తెల్లారిపోతుంది. ఒక్కటే తీసుకుంటాను. 1966 ఫోర్డ్ మస్టాంగ్, 289 క్యూబిక్ ఇంచుల వి8, అంటే 4.7 లీటర్లు. పైన పెట్రోలుని గాలితో కలిపే రెండు బ్యారెళ్ల ఆటోలైట్ కార్బురేటరు. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో మస్టాంగ్‌ని జనానికి చూపించారు. రెండేళ్లు తిరక్కుండానే పది లక్షవ బండి కూడా తయారైపోయింది. అన్ని బండ్లు తిరిగాయి కాబట్టే వీటి సామాను ఇప్పటికీ కొత్తది దొరుకుతుంది. ఫోన్లో నొక్కితే రెండ్రోజుల్లో గుమ్మంలో ఉంటుంది. నా ఉద్దేశంలో పెద్ద చిక్కు అక్కడే ఉంది. బండి కాస్త ముక్కితే చాలు, కార్బురేటరు మారుస్తారు, పంపు మారుస్తారు, కాయిల్ మారుస్తారు. జ్వరమొస్తే థర్మామీటరు కూడా పెట్టకుండా మందుల షాపులో ఉన్న మాత్రలన్నీ మింగినట్టు. నేను ఇవాళ చెప్పబోయేదంతా ఒకటే మాట: కొలిచి చూడకుండా ఏదీ కొనకండి.

సరే, మొదటి చిక్కు. సెల్ఫ్ కొడితే ఇంజను వెంటనే అందుకుంటుంది. హమ్మయ్య అని తాళం వదులుతారు. టప్పున ఆగిపోతుంది. మళ్లీ కొడతారు, మళ్లీ అందుకుంటుంది, మళ్లీ వదలగానే ఆగిపోతుంది. మా మిత్రుడొకాయన ఇదే ఇబ్బందితో పెట్రోలు ట్యాంకు దింపించి కడిగించాడు, ఫ్యూయల్ పంపు మార్చాడు, కార్బురేటరు విప్పి కొత్త కిట్ వేయించాడు. బండి మాత్రం అదే పాట పాడింది. ఎవరికైనా కారణం తెలుసా?

(సభలోంచి: "ఇగ్నిషన్ స్విచ్చి!")

దగ్గరికొచ్చారండీ. స్విచ్చి కూడా కావచ్చు. అసలు సంగతి చూడండి. ఈ బండి కాయిల్‌కి, అంటే స్పార్కుకి కావలసిన ఎక్కువ వోల్టేజీని పుట్టించే దానికి, మామూలుగా నడిచేటప్పుడు పూర్తి 12 వోల్టులు ఇవ్వరు. ఇస్తే పాయింట్లు, అంటే కాయిల్ కరెంటుని తెరుస్తూ మూస్తూ ఉండే చిన్న కాంటాక్టులు, తొందరగా కాలిపోతాయి, కాయిల్ వేడెక్కుతుంది. అందుకని డాష్‌బోర్డు వెనక, స్విచ్చి నుంచి వచ్చే దారిలో, గులాబీ రంగు వైరు ఒకటి పెట్టారు. చూడ్డానికి మామూలు వైరులాగే ఉంటుంది, కానీ అదే రెసిస్టర్. కాయిల్‌కి వెళ్లే వోల్టేజీని అది తగ్గిస్తుంది. అయితే సెల్ఫ్ కొట్టేటప్పుడు స్టార్టరు మోటారు బ్యాటరీని లాగేస్తుంది కదా, అప్పుడు స్పార్కు బలంగా ఉండాలి. కాబట్టి ఆ కాసేపు మాత్రం కాయిల్‌కి వేరే దారిలో, ఈ రెసిస్టర్‌తో పనిలేకుండా, బ్యాటరీ వోల్టేజీ నేరుగా వస్తుంది. కుడివైపు ఫెండరు లోపలి గోడకి బిగించిన స్టార్టర్ రిలే మీద ‘ఐ’ అని రాసి ఉన్న చిన్న టెర్మినల్ చూడండి, ఆ దారి అక్కడినుంచే.

ఇప్పుడు లెక్క తేలింది కదా. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒక దారి, తాళం వదిలాక ఇంకో దారి. మొదటిది బాగుంది, రెండోది తెగిపోయింది. అంటే గులాబీ వైరు గానీ, స్విచ్చిలో ‘రన్’ కాంటాక్టు గానీ, ఫైర్‌వాల్ (ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) దగ్గరి ప్లగ్గు గానీ పోయింది. పెట్రోలుకీ దీనికీ సంబంధమే లేదు. మా మిత్రుడి బండిలో ఫైర్‌వాల్ ప్లగ్గులో పిన్ను ఒకటి పచ్చగా చిలుము పట్టి ఉంది. గీకి శుభ్రం చేస్తే సరిపోయింది. ఆయన మార్చిన సామాను ఖరీదు నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

దీన్ని మీటరుతో చూసేటప్పుడు ఒక కిటుకుంది. తాళం ఆన్ చేసి, ఇంజను నడపకుండా, కాయిల్ ప్లస్ దగ్గర కొలుస్తారు. మీటరు 12 చూపిస్తుంది. "అయ్యో, ఎవరో రెసిస్టర్ వైరు తీసేశారు" అనుకుంటారు. కంగారు పడకండి. పాయింట్లు ఆ క్షణంలో తెరుచుకుని ఉంటే కరెంటు ప్రవహించదు. కరెంటు లేనప్పుడు రెసిస్టర్ దగ్గర వోల్టేజీ పడిపోవడం కూడా ఉండదు. ఇంజనుని చేత్తో కొంచెం తిప్పి, పాయింట్లు మూసుకున్నాక మళ్లీ కొలవండి. అప్పుడు దాదాపు సగానికి పడిపోతే గులాబీ వైరు తన పని తాను చేస్తోందన్నమాట. అదే క్రైస్లర్ బండ్లలో అయితే ఈ రెసిస్టర్ పింగాణీ ముక్కలాగా ఫైర్‌వాల్ మీద ఎదురుగా కనిపిస్తుంది. వాటి ఓనర్లు గ్లవ్ బాక్సులో ఒకటి స్పేర్ పెట్టుకుని తిరుగుతారు, తెలివైనవాళ్లు. ఫోర్డు వాళ్లు దాన్ని డాష్ వెనక దాచి మనల్ని తలకిందులుగా పడుకోబెట్టారు.

ఇక పాయింట్ల దగ్గరికొద్దాం. స్లో స్పీడులో కొట్టుకుంటోంది, పికప్ లేదు, అప్పుడప్పుడు మిస్ అవుతోంది. ఈ ఫిర్యాదు వినగానే అందరి చెయ్యీ స్క్రూడ్రైవరు పట్టుకుని కార్బురేటరు మీదికి పోతుంది. ఆ చేతిని ఆపండి. కార్బురేటరుని ఆఖరికి ఉంచండి. ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి, తర్వాత స్పార్కు, ఆ తర్వాతే పెట్రోలు. కంప్రెషన్ చూడ్డం సులువే: ఎనిమిది సిలిండర్లూ కొలిచి, అన్నిటికంటే తక్కువది అన్నిటికంటే ఎక్కువదానిలో కనీసం 75 శాతం ఉంటే ముందుకెళ్లొచ్చు. లేకపోతే ట్యూనింగ్ ఎంత చేసినా దండగే.

స్పార్కు చూసేటప్పుడు రంగు గమనించండి. నీలంగా, టపటపమని దూకితే మంచిది. పసుపుగా, నీరసంగా ఉంటే కండెన్సరో (పాయింట్ల మధ్య నిప్పురవ్వలు ఎగరకుండా ఆపే చిన్న డబ్బా), పాయింట్లో అనుమానించండి. పాయింట్ల గ్యాపు ఈ ఇంజనుకి 0.017 అంగుళం. డ్వెల్, అంటే పాయింట్లు మూసుకుని ఉండే కోణం, కొలిచే మీటరుంటే ఇంకా మంచిది, 26 నుంచి 31 డిగ్రీల మధ్య రావాలి. కొత్త పాయింట్లు వేసేటప్పుడు డబ్బాలోంచి తీసి అలాగే బిగించేస్తారు. వాటి మీద తుప్పు పట్టకుండా సన్నటి నూనె పొర ఉంటుంది. శుభ్రమైన విజిటింగ్ కార్డుని రెండు కాంటాక్టుల మధ్య పెట్టి లాగండి, నల్లటి గీత పడుతుంది. గీత పడకుండా వచ్చేదాకా లాగుతూనే ఉండండి. మొన్న కొత్తగా వేసిన పాయింట్లు అప్పుడే పోయాయని నా దగ్గరికొచ్చేవాళ్లలో కొందరికి ఈ కార్డు వైద్యమే సరిపోతుంది.

ఇంకో చిన్న వస్తువు చెప్తాను, దీన్ని చాలామంది పట్టించుకోరు. స్పార్కుని ఒక్కో ప్లగ్గుకీ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే, పాయింట్లు బిగించిన ప్లేటు నుంచి బాడీకి ఒక పొట్టి ఎర్తు వైరు కనిపిస్తుంది. ఇంజను పీల్పుతో స్పార్కుని ముందుకి జరిపే వాక్యూమ్ అడ్వాన్సు లాగినప్పుడల్లా ఆ ప్లేటు కదులుతుంది, దాంతోపాటు ఈ వైరూ వంగుతుంది. ఏళ్ల తరబడి అలా వంగి వంగి లోపలి తీగలు ఒక్కొక్కటే తెగిపోతాయి, పైన గుడ్డ తొడుగు మాత్రం బాగానే ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడు ఇంజను చక్కగా ఆడుతుంది. యాక్సిలరేటర్ నొక్కగానే ప్లేటు కదులుతుంది, ఎర్తు పోతుంది, మిస్ కొడుతుంది. దీన్నే కార్బురేటర్ తప్పు అనుకుంటారు. పాయింట్లు మూసి ఉంచి, తాళం ఆన్ చేసి, డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్ నుంచి బ్యాటరీ మైనస్‌కి కొలవండి. 0.2 వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో అడ్డుందని అర్థం. కొలుస్తూ ప్లేటుని వేలితో అటూ ఇటూ కదపండి. ముల్లు ఎగిరితే దొంగ దొరికినట్టే.

పాయింట్లు సరిచేశాకే టైమింగ్, అంటే స్పార్కు పడే వేళ, పెట్టాలి. ఈ వరస ఎందుకంటే, పాయింట్లని తెరిచే రబ్బింగ్ బ్లాకు అరిగేకొద్దీ గ్యాపు తగ్గుతుంది, డ్వెల్ పెరుగుతుంది, టైమింగ్ వెనక్కి పోతుంది. డ్వెల్ ఒక డిగ్రీ మారితే టైమింగ్ కూడా అంతే మారుతుంది. ముందు టైమింగ్ పెట్టి తర్వాత పాయింట్లు కదిపితే చేసిన పనంతా వృథా. 289 రెండు బ్యారెళ్ల ఇంజనుకి మామూలుగా టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటుకి) 6 డిగ్రీలు ముందు పెడతారు, వాక్యూమ్ అడ్వాన్సు గొట్టం పీకి, దాని నోరు మూసి.

ఇక్కడొక మోసం ఉంది. టైమింగ్ గుర్తులుండే క్రాంక్ ముందరి బ్యాలెన్సరు నిజానికి రెండు ముక్కలు. లోపలి బొడ్డు, బయటి చక్రం, మధ్యలో రబ్బరు. 60 ఏళ్లకి ఆ రబ్బరు పట్టు వదిలేస్తే బయటి చక్రం జారుతుంది. గుర్తు కూడా దాంతోనే జారుతుంది. మీరు లైటు వేసి 6 డిగ్రీలు అని మురిసిపోతారు, లోపల ఇంకేదో ఉంటుంది. లైటు ప్రకారం టైమింగ్ సరిగ్గా ఉందంటోంది, ఇంజను మాత్రం చెత్తగా నడుస్తోంది అంటే, ఒకటో నంబరు సిలిండర్లో పిస్టన్ స్టాప్ బిగించి అసలు టీడీసీ ఎక్కడుందో తేల్చుకోండి.

ప్లగ్గు వైర్ల మాట కూడా చెప్పేస్తాను. ఈ ఇంజను ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లు పేలే వరస, 1-5-4-2-6-3-7-8. ప్యాసింజర్ వైపు ముందు నుంచి వెనక్కి 1 నుంచి 4, డ్రైవర్ వైపు 5 నుంచి 8. డిస్ట్రిబ్యూటర్ గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. 7, 8 పక్కపక్క సిలిండర్లు, వెంటవెంటనే పేలేవి కూడా అవే. ఆ రెండు వైర్లనీ అందంగా జంటగా కట్టేశారనుకోండి, ఏడో వైరులో కరెంటు పారినప్పుడు ఎనిమిదో వైరులోనూ కొంత పుడుతుంది, ఎనిమిదో సిలిండరు వేళకి ముందే అంటుకుంటుంది. వెనక నుంచి కట్‌కట్ మనే మిస్సు. వైర్లు కొత్తవైనా పోదు. ఆ రెంటినీ దూరంగా, మధ్యలో ఇంకో వైరు ఉండేట్టు నడపండి. షెవీ వి8లో ఇదే తంటా 5, 7లతో వస్తుంది. ఇంకో మాట. మీరు కొన్న మస్టాంగ్‌లో ఎవరైనా 80ల నాటి 5.0 హెచ్‌ఓ ఇంజను దింపి ఉంటే దాని వరస వేరు: 1-3-7-2-6-5-4-8. పాత పుస్తకం చూసి వైర్లు పెడితే సైలెన్సర్లోంచి టపాసులు పేలతాయి.

వాక్యూమ్ గేజు దగ్గరికి వస్తాను. 30 డాలర్లు కూడా పెట్టక్కర్లేని ఈ వస్తువు నాకు మిగతా అన్నిటికంటే ఇష్టం. మ్యానిఫోల్డుకి తగిలిస్తే మన మిషిగన్‌లో స్లో స్పీడులో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య ముల్లు కదలకుండా నిలబడాలి. డెన్వర్లో ఉన్న మీ బావగారి బండిలో 5 అంగుళాలు తక్కువ చూపిస్తే దిగులు పడొద్దని చెప్పండి. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ ఒక అంగుళం తగ్గుతుంది. ముల్లు నిలకడగా ఉండి కిందకుంటే టైమింగ్ వెనకబడి ఉండొచ్చు, ఎక్కడో గాలి లాగేస్తూ ఉండొచ్చు. క్రమం తప్పకుండా టక్ టక్ మని పడుతూ లేస్తూ ఉంటే వాల్వు ఒకటి సరిగ్గా కూర్చోవడం లేదు.

గాలి లీకంటే అందరూ కార్బురేటర్ అడుగు గ్యాస్కెట్టే చూస్తారు. ఆటోమేటిక్ గేరున్న బండైతే వెనకాల గేర్‌బాక్సుకి వెళ్లే సన్నటి వాక్యూమ్ గొట్టం కూడా చూడండి. అది మాడ్యులేటర్ అనే చిన్న డబ్బాకి వెళ్తుంది. దాని లోపలి పొర చిరిగితే ఇంజను గేర్ ఆయిల్‌ని పీల్చి కాల్చేస్తుంది. తెల్లటి పొగ, గేర్ ఆయిల్ తగ్గడం, కింద ఒక్క చుక్క కూడా కనపడకపోవడం. ఈ మూడూ కలిసి వస్తే గొట్టం పీకి లోపల వేలు పెట్టి చూడండి. ఎర్రటి నూనె అంటితే ఇంక వెతకక్కర్లేదు. హెడ్ గ్యాస్కెట్ పోయిందని చెప్పి ఇంజను విప్పించబోయేవాళ్లు ఈ ఒక్క పని చేస్తే చాలా ఖర్చు తప్పుతుంది.

ఇప్పుడు పెట్రోలు. సిగ్నల్ పడగానే యాక్సిలరేటర్ నొక్కితే బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి అప్పుడు కదులుతోందా? ఇంజను ఆపి, గాలి ఫిల్టరు తీసి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్ తిప్పండి. రెండు ధారలు గట్టిగా చిమ్మాలి. చుక్కలు చుక్కలుగా వస్తే యాక్సిలరేటర్ పంపు పొర పోయింది. ఇక్కడి పెట్రోలులో 10 శాతం ఇథనాల్ ఉంటుంది, పాతకాలం రబ్బరుకి అది పడదు. అదే స్లో స్పీడులో నల్లపొగ, పెట్రోలు వాసన అయితే కార్బురేటర్ అడుగున ఉన్న పవర్ వాల్వు మూత విప్పండి. అందులో పెట్రోలు నిలిచి ఉంటే వాల్వు కారుతోంది.

ఇక వుడ్‌వర్డ్ మీద అందరూ చెప్పే రోగం: వేపర్ లాక్, అంటే పెట్రోలు వేడికి దారిలోనే ఆవిరై అడ్డుపడడం. ఎండలో ఆగిపోయిన ప్రతి బండికీ ఇదే పేరు పెడతారు. పెట్రోలు పైపుకి చెక్క క్లిప్పులు, అవే బట్టలారేసే క్లిప్పులు, వరసగా తగిలించిన బండ్లు కూడా చూస్తారు మీరు. అవి ఏం చేస్తాయో నాకైతే ఇంతవరకు ఎవరూ ఒప్పించేలా చెప్పలేదు. వేపర్ లాక్ లేదనడం లేదు. ఇప్పటి పెట్రోలు తొందరగా మరుగుతుంది, ఇంటేక్ మ్యానిఫోల్డ్ లోపల కార్బురేటరు కిందుగా సైలెన్సర్ వేడి పోయే దారి ఉంది. ఇంజను ఆపాక ఆ వేడికి కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మరిగి లోపలికి పొంగుతుంది. ఇరవై నిమిషాల తర్వాత సెల్ఫ్ కొడితే అందుకోదు. అప్పుడు పెడల్ మాటిమాటికి తొక్కకండి, అది ఇంకా పెట్రోలు పోస్తుంది. పెడల్‌ని నేలదాకా నొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. కార్బురేటర్ కింద వేడి ఎక్కని స్పేసరు వేస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

కానీ నడుస్తూ నడుస్తూ ఆగిపోతే, ఆగిన చోటే రెండు సంగతులు చూడండి, చల్లారేదాకా ఆగొద్దు. థ్రాటిల్ తిప్పితే ధారలు వస్తున్నాయా? ఒక ప్లగ్గు వైరు తీసి ఎర్తు దగ్గర పెడితే స్పార్కు ఉందా? ధారలు బాగుండి స్పార్కు లేదంటే అది పెట్రోలు గొడవ కాదు, వేడెక్కితే చచ్చిపోయే కాయిల్‌దో, కండెన్సర్‌దో. చల్లారాక రెండూ మళ్లీ మామూలుగా పనిచేస్తాయి, సాక్ష్యం పోతుంది, నేరం వేపర్ లాక్ మీద పడుతుంది.

ధారలు కూడా రావట్లేదా? వెనక్కి వెళ్లి పెట్రోలు ట్యాంకు మూత తిప్పండి. ‘సుయ్’ మని గాలి లోపలికి పీల్చుకుంటే అదే జబ్బు. ఈ బండి ట్యాంకుకి గాలి మూతలోంచే వెళ్లాలి. మెరుస్తోందని ముచ్చటపడి గాలి రంధ్రం లేని మూత పెట్టి ఉంటారు. ఇంజను పెట్రోలు లాగుతుంది, ఖాళీ అయిన చోటికి గాలి రాదు, కాసేపటికి పంపు లాగలేకపోతుంది. కాస్త ఆగితే సర్దుకుని మళ్లీ కొన్ని మైళ్లు నడుస్తుంది.

వేడెక్కడం గురించి టూకీగా. నిలబడితే వేడెక్కి, హైవే ఎక్కితే చల్లబడితే గాలి చాలట్లేదు: ఫ్యాను, బెల్టు, రేడియేటరు ముందర చేరిన చెత్త చూడండి. హైవే మీదే వేడెక్కితే నీళ్లు తిరగట్లేదు: రేడియేటరు లోపల పూడుకుపోయి ఉండొచ్చు, లేదా కింది హోసు పంపు పీల్చే బలానికి చప్పిడి అయిపోతూ ఉండొచ్చు. థర్మోస్టాట్ పీకి పారేయడం మాత్రం వైద్యం కాదు.

(సభలోంచి: "అన్నయ్యా, ఈ పాయింట్ల గోలంతా ఎందుకు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసేస్తే పోలా?")

వేసుకోండి తమ్ముడూ, నాకేం పట్టింపు లేదు. డిస్ట్రిబ్యూటర్ లోపల కనపడకుండా ఇమిడిపోయే మాడ్యూళ్లు దొరుకుతున్నాయి, బాగానే పనిచేస్తాయి. కానీ ఇందాక చెప్పిన గులాబీ వైరు ఉందే, మాడ్యూల్ కరెంటుని దాని అవతల నుంచి తీసుకుంటే వోల్టేజీ చాలక బండి వేడెక్కాక మొరాయిస్తుంది. స్విచ్చి వైపు నుంచి, ఆ వైరుకి ముందు, పూర్తి 12 వోల్టులు ఇవ్వండి. దాంతోపాటు వాడే కాయిల్ రెసిస్టెన్సు మాడ్యూల్ కాగితంలో రాసినంత ఉందో లేదో కొలవండి. పాటలు వినడానికి తాళం ‘రన్’లో పెట్టి ఇంజను ఆపి కూర్చోకండి, కొన్ని మాడ్యూళ్లు అలాగే కాలిపోతాయి.

తీసిన పాయింట్లు, కండెన్సరు పారేయకండి. ఒక కవర్లో కట్టి గ్లవ్ బాక్సులో పడేయండి, పక్కన చిన్న స్క్రూడ్రైవరు, ఫీలర్ గేజు. మాడ్యూల్ పోతే రోడ్డు మీద చేసేదేమీ ఉండదు, పాయింట్లయితే అక్కడికక్కడే బిగించుకుని ఇంటికి రావొచ్చు. ఫీలర్ గేజు మర్చిపోతే ఇక్కడ దొరికే కాగితపు అగ్గిపుల్లల మడత అట్ట వాడండి. దాని మందం ఇంచుమించు మనకి కావలసిన గ్యాపే.